డ్రాయింగ్ రాదు అనే హైస్కూల్ పిల్లలకి చూసి వెయ్యడం ఎలా నేర్పాలి

చిన్న క్లాసుల్లో ఎవర్ని అడిగినా బొమ్మ వేసి చూపిస్తారు, ఏనుగు అంటే ఏనుగు, ఏరోప్లేన్ అంటే ఏరోప్లేన్. అదే పిల్లలు పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి "నాకు డ్రాయింగ్ రాదు సార్" అని చేతులు కట్టుకుని కూర్చుంటారు. బద్ధకం అనుకోకండి. ఆ వయసుకి కన్ను బాగా ఎదిగిపోతుంది, తను వేసింది అసలు వస్తువులా లేదని తనకే తెలిసిపోతుంది, చెయ్యి మాత్రం ఎనిమిదేళ్ళప్పటి దగ్గరే ఆగి ఉంటుంది. పిల్లల బొమ్మల మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే, వయసుతోపాటు బొమ్మలు మారే ఈ దశల గురించి రాశాడు. సెకండరీ స్కూల్లో ఆర్ట్ పీరియడ్ మీ చేతికొస్తే అసలు పని ఈ తేడా తగ్గించడమే, అందులోనూ చెయ్యి సంగతి తర్వాత, ముందు చూడటం నేర్పాలి. కింద రాసిందంతా వారానికి ఒకటో రెండో పీరియడ్లు, క్లాసులో ముప్పై నలభై మంది, చేతిలో పెద్దగా డబ్బుల్లేవు అనుకుని రాసింది.

స్టెప్ 1: సామాన్లు తక్కువ పెట్టుకోండి

హెచ్‌బీ, 2బీ, 6బీ, ఈ మూడు పెన్సిళ్ళు చాలు. పెన్సిల్ ములుకులో గ్రాఫైట్, బంకమట్టి కలిసి ఉంటాయి, మట్టి ఎక్కువైతే గట్టిగా లేతగా పడుతుంది (హెచ్ వైపు), గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా నల్లగా పడుతుంది (బీ వైపు). పిల్లలకి ఇది చెప్పి ఒకే గీతని మూడింటితో గీయిస్తే ఇంక డ్రాయింగ్ మొత్తం హెచ్‌బీతో లాగించరు. పేపర్ విషయంలో, ప్రాక్టీసుకి మామూలు 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు పేపర్ ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క) ప్రింటర్ పేపర్ హాయిగా సరిపోతుంది, కానీ వాటర్ కలర్ అయితే కనీసం 200, వీలైతే 300 జీఎస్ఎం ఉండాలి, లేకపోతే తడి తగలగానే ఉబ్బి వంకర్లు పోతుంది, పిల్లాడేమో తనకి పెయింటింగ్ రాదనుకుంటాడు. తప్పు పేపర్‌ది.

రబ్బర్లు మొదటి కొన్ని వారాలు బ్యాగులోనే ఉంచమనండి. గోల చేస్తారు, చెయ్యనివ్వండి. రబ్బర్ చేతిలో ఉంటే ఒక గీత గీసి రెండుసార్లు చెరిపేవాళ్ళే ఎక్కువ, పీరియడ్ అయ్యేసరికి పేపర్ మీద చిరుగు తప్ప ఏమీ ఉండదు. తప్పు గీత పక్కనే ఇంకో గీత గీయమనండి, రెండూ కనిపిస్తుంటే ఏది కరెక్టో పోల్చుకోవడం కూడా వస్తుంది.

స్టెప్ 2: మొదటి పీరియడ్లోనే ఒక బొమ్మ వేయించి దాచుకోండి

లెక్చర్ వద్దు, "కళ అంటే ఏమిటి" అసలే వద్దు. ఎడమ చేతిని (ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు కుడి చేతిని) డెస్క్ మీద పెట్టుకుని చూసి వెయ్యమనండి. పదిహేను నిమిషాలు. సాయం చెయ్యకండి, పొగడకండి, వెనకాల పేరు, తేదీ రాయించి తీసుకుని బీరువాలో పెట్టేయండి. టర్మ్ చివర్లో ఇదే బొమ్మ మళ్ళీ వేయిస్తారు, మార్కులు వేసేటప్పుడు ఈ పేపర్ మీకు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

స్టెప్ 3: పేపర్ చూడకుండా గీయించండి

దీన్ని బ్లైండ్ కాంటూర్ అంటారు. వస్తువు ఏదైనా పర్లేదు, బూటు, నలిపిన పేపర్ ఉండ, మళ్ళీ తన చెయ్యే. పెన్సిల్‌ని ఒక అట్టముక్క మధ్యలోంచి గుచ్చి పట్టుకుంటే కింద పేపర్ కనపడదు. ఇప్పుడు కన్ను ఆ వస్తువు అంచు మీద చీమ పాకినట్టు మెల్లగా కదలాలి, కన్ను ఎంత కదిలితే పెన్సిల్ అంతే కదలాలి, కన్ను ఆగితే పెన్సిల్ ఆగాలి. అయిదు నిమిషాలు మాటల్లేకుండా. ఫలితం చూసుకుని క్లాసంతా పగలబడి నవ్వుతుంది, మీరూ నవ్వండి, ఎందుకంటే ఈ ఎక్సర్‌సైజులో మంచి బొమ్మ ఎవరికీ రాదు, క్లాసులో బాగా వేస్తాడని పేరున్న కుర్రాడికి కూడా రాదు, ఆ సంగతి మిగతావాళ్ళకి చాలా ధైర్యం ఇస్తుంది.

నవ్వులు అయ్యాక ఆ పిచ్చి గీతల్లో ఒక ముక్క చూపించండి, వేలి కణుపు దగ్గర ముడత, బూటు లేసు మలుపు, ఏదో ఒకచోట గీత నిజంగా ప్రాణం ఉన్నట్టు ఉంటుంది. అక్కడ వాడు నిజంగా చూశాడన్నమాట. తర్వాతి క్లాసుకి అదే పనిని కాస్త సడలించండి, అట్ట తీసేసి, ఎక్కువసేపు వస్తువు మీదే చూపు ఉంచి, పెన్సిల్ ఎత్తి కొత్త చోట పెట్టాల్సినప్పుడు మాత్రం పేపర్ వైపు చూడమనండి. హైస్కూల్లో డ్రాయింగ్ బాగుపడటం చాలామందికి ఇక్కడే మొదలవుతుంది, అందుకే దీన్ని ఒక్క పీరియడ్‌తో వదిలెయ్యకండి, ప్రతి క్లాసు మొదట్లో మూడు నిమిషాలు వార్మప్‌లాగా పెట్టుకోండి.

స్టెప్ 4: కుర్చీ వద్దు, కుర్చీ మధ్య ఖాళీ వెయ్యండి

పిల్లలు కుర్చీని చూసి వెయ్యరు, కుర్చీ ఎలా ఉంటుందో తమకి తెలిసింది వేస్తారు: నాలుగు కాళ్ళు సమానంగా, సీటు చతురస్రంగా. తెలిసినది చూసేదాన్ని తొక్కేస్తుంది. దాన్ని పక్కకి తప్పించడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ఏదైనా గీతల బొమ్మని తలకిందులుగా పెట్టి అలాగే కాపీ చేయించడం. ముక్కు ఏదో చెవి ఏదో గుర్తుపట్టకపోతే మిగిలేవి గీతలే, వాటి వంపు, పొడుగు, మధ్య దూరం. మధ్యలో తిప్పి చూడొద్దని ముందే మాట తీసుకోండి. రెండోది నెగటివ్ స్పేస్. ఒక కుర్చీని బల్ల మీదకెక్కించి, కాళ్ళ మధ్య, వీపు కమ్మీల మధ్య కనిపించే ఖాళీల ఆకారాలు మాత్రమే వేసి, వాటిని పెన్సిల్‌తో నింపమనండి. ఖాళీలన్నీ సరిగ్గా వస్తే కుర్చీ దానంతటదే పేపర్ మీద తెల్లగా నిలబడుతుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం, తలకిందుల బొమ్మ ఎంతైనా కాపీనే, నెగటివ్ స్పేస్‌లో ఎదురుగా ఉన్న నిజం వస్తువుని చూడాలి.

స్టెప్ 5: కొలవడం

చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని, పెన్సిల్ కొనకి వస్తువు పైభాగం, బొటనవేలి గోటికి కిందిభాగం వచ్చేలా సరిచేసుకోవాలి. ఆ పొడుగు వెడల్పుకి ఎన్నింతలు ఉందో లెక్కేస్తారు, "సీసా ఎత్తు దాని వెడల్పుకి మూడింతలు" అన్నట్టు. దాదాపు అందరూ చేసే పొరపాటు మోచెయ్యి వంచడం, ఒకసారి వంచి ఒకసారి చాపితే కొలత మారిపోతుంది. క్లాసులో తిరుగుతూ మీరు చూడాల్సింది మోచేతుల్నే, బొమ్మల్ని కాదు.

మొహం వేసేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ముందు ఎవరికి తోచినట్టు వాళ్ళని వెయ్యనివ్వండి, కళ్ళు నుదుటి మీదకెక్కి కూర్చుంటాయి. తర్వాత పక్కవాడి తలని నడినెత్తి నుంచి గడ్డం దాకా పెన్సిల్‌తో కొలవమనండి, కళ్ళు సుమారుగా మధ్యలో ఉంటాయని వాళ్ళే కనుక్కుంటారు. మీరు ముందే చెప్పేస్తే అది ఇంకో రూల్ అయిపోతుంది, నమ్మరు కూడా.

స్టెప్ 6: షేడింగ్, దీనికి నెల పట్టినా పర్లేదు

ముందు అయిదు గళ్ళ స్కేల్ వేయించండి, ఒక చివర పేపర్ తెలుపు, ఇంకో చివర 6బీతో వచ్చే గట్టి నలుపు, మధ్యలో మూడు మెట్లు. దాదాపు అందరి స్కేలూ లేత బూడిద దగ్గర మొదలై ముదురు బూడిద దగ్గర ఆగిపోతుంది. నలుపంటే భయం, పాడైపోతుందేమోనని. ఆ భయం పోగొట్టాలంటే మాటలు పనిచెయ్యవు, పని మార్చాలి: పేపర్ మొత్తం బొమ్మలేసే బొగ్గు కడ్డీతో (చార్‌కోల్) గానీ 6బీని పడుకోబెట్టి రుద్ది గానీ బూడిదరంగు చేసెయ్యండి, ఇప్పుడు దాచిపెట్టిన రబ్బర్లు బయటికి తియ్యమనండి. వెలుతురు పడ్డచోట చెరపాలి, బాగా నీడ ఉన్నచోట ఇంకా నల్లగా రుద్దాలి. అప్పటిదాకా తప్పులు దాచే వస్తువైన రబ్బర్ వెలుతురు గీసే వస్తువు అవుతుంది. ఈ క్లాసు అయ్యాక నలుపు వాడటానికి ఎవరూ వెనకాడరు.

తర్వాత తెల్ల బంతి లేదా గుడ్డు, ఒకే వైపు నుంచి ఒక్క లైటు. మిగతా లైట్లు ఆపెయ్యండి, కిటికీ వెలుతురు ఒక్కటే ఉన్నా చాలు, క్లాసులో నాలుగు ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే నీడలన్నీ కలిసిపోయి పిల్లలకి చూడటానికి ఏమీ ఉండదు. కళ్ళు సగం మూసి చూడమనండి, చిన్న చిన్న వివరాలు పోయి వెలుగు నీడలు పెద్ద ముద్దలుగా కనిపిస్తాయి. అప్పుడు ఒక్కొక్కటీ వేలుతో చూపించండి: మెరిసే చుక్క, వెలుతురు భాగం, అన్నిటికంటే ముదురుగా ఉండే నీడ పట్టీ, ఆ పట్టీ దాటాక బల్ల మీంచి తిరిగొచ్చిన లేత వెలుతురు, బల్ల మీద పడ్డ నీడ. ఆ తిరిగొచ్చిన వెలుతురుని చాలామంది అసలు చూడరు, దాన్ని పట్టుకుంటే బంతి గుండ్రంగా లేచి కూర్చుంటుంది, పట్టుకోకపోతే నల్లరంగు పూసిన బిళ్ళలా ఉంటుంది.

వేలితో రుద్దడం మాత్రం కొన్నాళ్ళు బంద్. రుద్దితే అంతా ఒకే బూడిద అయిపోతుంది, పైగా నునుపుగా ఉంది కాబట్టి బాగుందనుకుంటారు. ఫోన్ అందుబాటులో ఉంటే వస్తువునీ బొమ్మనీ కలిపి ఒక ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూపించండి, ఎక్కడ నలుపు సరిపోలేదో మీరు చెప్పక్కర్లేదు.

స్టెప్ 7: పర్‌స్పెక్టివ్‌కి బోర్డు కంటే కారిడార్ మేలు

పర్‌స్పెక్టివ్ అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నగా కనిపించేలా వెయ్యడం. బోర్డు మీద వానిషింగ్ పాయింట్ (దూరంగా పోయే గీతలన్నీ కలిసినట్టు కనిపించే చుక్క) పెట్టి స్కేలుతో గీతలు గీయిస్తే అది జామెట్రీ క్లాస్ అవుతుంది. స్కూల్ కారిడార్‌కి తీసుకెళ్ళి నేల మీద కూర్చోబెట్టండి, తర్వాత నిలబెట్టండి, కంటి ఎత్తు మారగానే పైకప్పు గీత, నేల గీత ఎలా మారాయో అడగండి. హొరైజన్ లైన్ అంటే చూసేవాడి కంటి ఎత్తే, అంతకంటే పెద్ద రహస్యం లేదు. ఆ తర్వాత కిటికీ అద్దం ముందు నిలబడి, తల కదపకుండా ఒక కన్ను మూసి, బయట కనిపించే బిల్డింగ్ అంచుల్ని వైట్‌బోర్డ్ మార్కర్‌తో అద్దం మీదే గీయమనండి. బొమ్మని కిటికీలా ఊహించుకోమని 1435లో ఇటలీ రచయిత, ఆర్కిటెక్ట్ ఆల్బెర్టి రాసింది ఇదే, మీ పిల్లలు పదే పది నిమిషాల్లో చేతులారా చేసేస్తారు. స్కేలు, పాయింట్లు అన్నీ దీని తర్వాత చెప్పండి, అప్పుడు వాటికి అర్థం ఉంటుంది.

స్టెప్ 8: రంగులు

మూడు రంగులు (ఎరుపు, పసుపు, నీలం), తెలుపు, అంతే ఇవ్వండి, నలుపు ఇవ్వకండి. పన్నెండు రంగుల డబ్బా ఇస్తే ఎవరూ కలపరు, గడ్డికి ఆకుపచ్చ ట్యూబు, ఆకాశానికి నీలం ట్యూబు. మూడే ఉంటే గడ్డి రంగు కోసం కలపక తప్పదు, కలుపుతుంటే ఎన్ని ఆకుపచ్చలున్నాయో కనపడుతుంది.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందన్నారు, నాకు బురద వచ్చిందేంటి? దానికి కారణం ఎరుపులోనే ఉంది. నారింజ వైపు మొగ్గే ఎరుపులో పసుపు ఛాయ ఉన్నట్టు లెక్క, దానికి నీలం కలిస్తే మూడు మూల రంగులూ కలిసినట్టే, గోధుమో బూడిదో వస్తుంది. మెజెంటా వైపు మొగ్గే ఎరుపుతో కలిపి చూపించండి, శుభ్రమైన ఊదా వస్తుంది. కలర్ వీల్ చార్టు గోడకి తగిలించి బట్టీ పట్టించడం కంటే ఈ ఒక్క బురద గురించి మాట్లాడితే ఎక్కువ నేర్చుకుంటారు.

ఇంకో మంచి పని, డబ్బు ఖర్చు లేనిది: ఒకే బూడిదరంగు పేపర్ నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి ఒకటి నల్లదాని మీద, ఒకటి తెల్లదాని మీద పెట్టండి. రెండూ ఒకటే అంటే ఒప్పుకోరు, పందేలు కడతారు. జర్మనీలోని బౌహౌస్ ఆర్ట్ స్కూల్లో, ఆ తర్వాత 1933 నుంచి అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో పాఠాలు చెప్పిన జోసెఫ్ ఆల్బెర్స్‌కి ఇలాంటి రంగు కాగితాల ప్రయోగాలంటే ప్రాణం, పక్కనున్న రంగుని బట్టి రంగు మారి కనిపిస్తుందని పిల్లల కళ్ళతోనే ఒప్పించేవాడు.

ఒక జాగ్రత్త. ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని పిల్లలు మీ క్లాసులో ఉండొచ్చు, ఎక్కువగా అబ్బాయిల్లో. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 12 మందికి ఒకరు ఇలా ఉంటారు, మిగతా చోట్ల కాస్త తక్కువ. అందరి రంగు ట్యూబుల మీదా పేర్లు స్పష్టంగా రాసి పెట్టండి, "చెట్టు గోధుమరంగులో వేశావేంట్రా" అని అందరిముందూ అనకండి. ఆ పిల్లాడికి లేత ముదురు తేడాలు మీకంటే బాగా తెలిసినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

స్టెప్ 9: రెండు వారాలకోసారి ఒక్క పెయింటింగ్ చూపించండి

ఆర్టిస్ట్ జీవిత చరిత్ర వద్దు. పేరు కూడా ముందు చెప్పకండి. ఒక నిమిషం నిశ్శబ్దంగా చూడనిచ్చి మూడే ప్రశ్నలు: ఇందులో ఏం జరుగుతోంది, దేన్ని చూసి అలా అంటున్నావ్, ఇంకా ఏం కనిపిస్తోంది. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ తయారుచేసిన పద్ధతి ఇది, రెండో ప్రశ్నలోనే దాని బలమంతా ఉంది, ఎందుకంటే ఊహకి ఆధారం చూపించమంటుంది. మీరు జవాబులకి రైటు తప్పు చెప్పకుండా, వాళ్ళన్నది మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి, ఆ చోటుని వేలుతో చూపిస్తూ పోండి.

ఫోన్లో చూస్తే అన్ని బొమ్మలూ ఒకే సైజు, అదొక పెద్ద నష్టం. పికాసో 1937లో వేసిన గెర్నికా దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల పొడుగు, కారిడార్ నేల మీద టేపుతో ఆ కొలత అతికించి లోపల పిల్లల్ని నిలబెట్టండి, క్లాసులో చాలామంది పట్టేస్తారు. జపాన్ ఆర్టిస్ట్ హొకుసాయ్ పెద్ద అల ప్రింటు, 1831 ప్రాంతంలోది, ఏ3 పేపర్ కంటే చిన్నది. ఇవి రెండూ పక్కపక్కన చెప్తే "ఇంత చిన్న దాంట్లో అంత పెద్ద అల ఎలా పట్టింది" అని వాళ్ళే అడుగుతారు, అప్పుడు ఆ పడవలు, అలకింద చిన్నగా కనిపించే ఫుజీ కొండ చూపించండి.

స్టెప్ 10: ప్రాజెక్టుకి హద్దులు పెట్టండి

"మీకు నచ్చింది వెయ్యండి" అంటే సగం మంది ఫోన్లోంచి కార్టూన్ కాపీ కొడతారు, మిగతా సగం ఏం వెయ్యాలో తెలీక కూర్చుంటారు. హద్దు ఇస్తే ఐడియా వస్తుంది. ఫ్రెంచ్ పెయింటర్ మోనే 1892 నుంచి 1894 మధ్య రూఆన్ కథెడ్రల్ (ఫ్రాన్స్‌లో ఒక పెద్ద చర్చి) ముందుభాగాన్నే 30కి పైగా కాన్వాసుల మీద వేశాడు, మారిందల్లా వెలుతురు, వాతావరణం. అలాగే ఒకే కిటికీ, నాలుగు వేర్వేరు సమయాలు, ఏ5 సైజులో నాలుగు బొమ్మలు, మూడే రంగులు, ఇలా ఇవ్వండి. ఫైనల్ బొమ్మతోపాటు అగ్గిపెట్టె సైజు రఫ్ స్కెచ్‌లు కనీసం ఆరు, రంగులు కలిపి చూసిన పేపర్ కూడా ఇవ్వాలని ముందే చెప్పండి. నెట్లోంచి తెచ్చిందో, ఏఐతో చేయించిందో కనిపెట్టే డిటెక్టివ్ పని మీకు తప్పుతుంది, దారి మొత్తం చూపించమంటే కాపీ కొట్టడమే ఎక్కువ కష్టం.

ఇక్కడే ఒక మాట, పిల్లల పేపర్ మీద మీ చేత్తో సరిచెయ్యకండి. ఒక్క గీత కూడా. చూపించాల్సి వస్తే పక్కన వేరే పేపర్ మీద వేసి చూపించండి. మీ గీత పడ్డ క్షణం నుంచి అది వాడి బొమ్మ కాదు, అమ్మానాన్నలు పొగిడినా వాడికి తెలుసు.

లినోకట్ (లినోలియం షీటు చెక్కి అచ్చు వెయ్యడం) లాంటివి పెట్టుకుంటే కత్తులు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి, రెండో చెయ్యి ఎప్పుడూ బ్లేడు వెనకాలే ఉండాలి, అక్షరాలు తిరగేసి చెక్కాలని గుర్తుచెయ్యండి. శుభ్రం చెయ్యడానికి ఆఖరి పది నిమిషాలు తీసిపెట్టండి, బెల్ కొట్టాక ఎవరూ ఆగరు.

స్టెప్ 11: మార్కులు

చెయ్యి తిరిగినవాడికి 10, మిగతావాళ్ళకి 6 ఇచ్చేస్తే పిల్లలు రెండో నెలకే అర్థం చేసుకుని ప్రయత్నించడం మానేస్తారు. నేనైతే సగానికి పైగా మార్కులు దారికే ఇస్తా: స్కెచ్‌బుక్ ఎంత నిండింది, రఫ్‌లు ఒకదానికొకటి మారాయా, చూసి వేశాడా ఊహించి వేశాడా, తను ఏం మార్చాడో రెండు వాక్యాల్లో రాయగలిగాడా. మిగతాది టెక్నిక్‌కి. టర్మ్ చివర్లో అదే చెయ్యి బొమ్మ మళ్ళీ వేయించి, మొదటి రోజు దాచిన పేపర్ తీసి రెండూ పక్కన పెట్టి చూడండి, ఎవరి బొమ్మని వాళ్ళ పాత బొమ్మతోనే పోల్చాలి. ఎంతమేరకు మారితే ఎన్ని మార్కులో టర్మ్ మొదట్లోనే చార్టు మీద రాసి గోడకి పెట్టండి, తర్వాత గొడవలు ఉండవు.

కామెంట్ రాసేటప్పుడు "బాగుంది", "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" వద్దు, ఆ రెండింటితో ఎవరూ ఏమీ చెయ్యలేరు. "బొటనవేలి కింద నీడ సరిగ్గా పట్టావ్, మణికట్టు దగ్గర మాత్రం చూడకుండా వేసేశావ్, అక్కడ గీత ఒక్కసారిగా నిటారు అయిపోయింది" అని రాయండి. నలభై మందికి ఇలా రాయడం కష్టమే, వారానికి పదిమంది చొప్పున పెట్టుకోండి.

స్టెప్ 12: అందరివీ తగిలించండి

ఎగ్జిబిషన్ అంటే బెస్ట్ పది బొమ్మలు కాదు, ప్రతి ఒక్కరిదీ ఒకటి, ఏది పెట్టాలో వాళ్ళే ఎంచుకోవాలి. పెద్దల కోసమైతే బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా పెడతారు, చూసేది ఎక్కువగా చిన్న క్లాసుల పిల్లలే అయితే ఇంకొంచెం దించండి. వరసలో బొమ్మల మధ్య ఖాళీ ఒకేలా ఉంటే మామూలు పేపర్ కూడా పద్ధతిగా కనిపిస్తుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు, వాటర్ కలర్లు, స్కెచ్ పెన్నులు త్వరగా వెలిసిపోతాయి. చార్‌కోల్ బొమ్మలకి ఫిక్సెటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలంటే గదిలో కాదు, బయట, పిల్లలు వెళ్ళిపోయాక. సెల్లోటేపు ముందువైపు అతికించకండి, తీసేటప్పుడు పేపర్ పొర లేచిపోతుంది, వెనకాల మాస్కింగ్ టేపు వెయ్యండి. దించాక పరీక్షలు అయ్యేదాకా మీ బీరువాలో ఉంచుకోవచ్చు, ఆ తర్వాత ఫోటోలు తీసుకుని ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యండి.